ఎగువ వాగులు, దిగువ జలాశయాలు: వికారాబాద్ నీళ్ల చుట్టూ ముడిపడిన చర్చ

వికారాబాద్ జిల్లాలో కురిసిన వాన ప్రధానంగా రెండు దారులు పడుతుంది. అనంతగిరి గుట్టల్లో పుట్టిన మూసీ తూర్పుగా సాగి, హైదరాబాద్ నడిబొడ్డు నుంచి పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాగ్నా పడమరకు మళ్లి, తాండూరు దాటి కర్ణాటకలో అడుగుపెట్టి, ఒకప్పటి రాష్ట్రకూటుల రాజధాని మల్‌ఖేడ్ పక్కగా పారి భీమాలో చేరుతుంది. భీమా కూడా కృష్ణకు ఉపనదే. అంటే రెండు దారులూ చివరికి ఒకే నదిని చేరతాయి. ఒక దారి కోటికి పైగా జనం ఉన్న మహానగరం గుండా పోతుంది, రెండోది నాపరాయి గనులు, సిమెంటు కర్మాగారాల మధ్య నుంచి పోతుంది.

ఎగువన దోమ, పరిగి, కుల్కచర్ల లాంటి మండలాలది ప్రధానంగా వర్షాధార వ్యవసాయం. ఏడాది వానలో సింహభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. చాలా వాగులు వానాకాలం దాటిన కొద్ది నెలలకే ఎండిపోతాయి. మార్చి తర్వాత మిగిలేవి అక్కడక్కడ మడుగులు, చెరువుల్లో అడుగు నీళ్లు. చేప, కప్ప, నత్త, తుంగ, కొంగ అన్నీ ఈ నిండటం, ఎండటం అనే లయకు అలవాటుపడి బతికేవే. ఇలాంటి నీళ్లను ఎలా చదవాలి, మనిషి ఒత్తిడి నుంచి ఎలా కాపాడాలి అన్న చర్చ కొన్ని దశాబ్దాలుగా సాగుతోంది. ఒకరు నీటి నాణ్యతను కొలుస్తారు, ఒకరు పరిమాణాన్ని, మరొకరు చెరువు హద్దును, ఇంకొకరు చేపల పట్టుబడిని. నలుగురి లెక్కలూ ఒకచోట కలవకపోవడమే ఈ చర్చలోని చిక్కుకు మూలం.

చల్లని దేశాల శాస్త్రం, వేడి నీళ్లు

సరస్సుల శాస్త్రం పుట్టింది ఐరోపాలో. స్విస్ శాస్త్రవేత్త ఫోరెల్ జెనీవా సరస్సును చదివి దానికి పునాది వేశాడు. ఉష్ణమండల జలాలను క్రమపద్ధతిలో చూసిన తొలి పెద్ద ప్రయత్నాల్లో 1928-29లో శాస్త్రవేత్తలు థీన్‌మాన్, రుట్నర్‌లు జావా, సుమత్రా, బాలి దీవుల్లో సాగించిన యాత్ర ఒకటి. చల్లని సరస్సుల నుంచి తీసిన సూత్రాలు వేడి నీళ్లకు ఎంతవరకు వర్తిస్తాయన్న సందేహం అప్పుడే మొదలైంది.

ఆ సందేహానికి గట్టి ఆధారాలున్నాయి. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వచ్చేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. అదే సమయంలో కుళ్లడం వేగం పుంజుకుంటుంది. కాబట్టి చల్లని నీరు తట్టుకోగల మురుగును వేడి నీరు తట్టుకోలేదు. జీవరసాయన ఆక్సిజన్ అవసరాన్ని పాత పద్ధతిలో 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచి కొలుస్తారు. భారతీయ ప్రమాణం దాన్ని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులకు మార్చింది. చూడటానికి చిన్న సవరణే అయినా, కొలబద్దను ఇక్కడి వాతావరణానికి తగ్గట్టు దిద్దుకోవాలన్న వాదానికి లభించిన స్పష్టమైన గుర్తింపు అది.

తెలుగు నేల మీద ఈ శాస్త్రం ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టూ పెరిగింది. ఎ.ఆర్. జాఫర్ 1950, 60 దశకాల్లో హైదరాబాద్ చేపల చెరువుల్లోని నాచు జీవావరణాన్ని పరిశోధించి ప్రచురించాడు. వి. వెంకటేశ్వర్లు 1969లో మూసీ నాచును కాలుష్యంతో ముడిపెట్టి చదివాడు. మునవ్వర్, శీనయ్య 1970ల ఆరంభంలో నగరం చుట్టుపక్కల కుంటల ప్లవకాల మీద పనిచేశారు. రసాయన పరీక్ష ఆ క్షణపు నీటిని మాత్రమే చూపుతుంది. నాచు, డయాటమ్‌లు మాత్రం గడిచిన రోజుల ప్రభావాన్ని కూడా తమలో నిలుపుకొంటాయి. జీవసూచికల విధానానికి బలం ఇదే. అయితే ఈ కృషిలో ఎక్కువ భాగం నగరం నీడ పడిన నీళ్ల మీదే సాగింది. మూసీ ఎక్కడ చెడిందో చెప్పే వివరాలు పుష్కలంగా పోగయ్యాయి. చెడక ముందు ఎలా ఉండేదో చెప్పగల ఎగువ వాగుల వివరాలు ఆ స్థాయిలో పోగు కాలేదు. పోల్చి చూడటానికి చెడని నీటి నమూనా లేకపోతే పునరుద్ధరణకు గమ్యం ఏమిటో తేల్చడం కష్టం. ఈ చర్చ మొత్తంలో అన్నిటికన్నా తక్కువ మాట్లాడిన లోటు ఇదే.

చెరువు ప్రకృతిదా, మనిషిదా

దక్కన్ పీఠభూమిలో సహజ సరస్సులు అరుదు. పాకాల, రామప్ప మొదలు దోమ చుట్టుపక్కల ఊరి కుంట దాకా అన్నీ కట్ట వేసి నిలిపిన నీళ్లే. అయినా శతాబ్దాల తరబడి వలస పక్షులు, స్థానిక చేపలు, ఎండాకాలపు పశువులు వీటి మీదే ఆధారపడ్డాయి. ఒక చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువును నింపే గొలుసుకట్టు ఏర్పాటు ఒక పరీవాహకాన్ని మొత్తంగా జీవావరణంగా మార్చింది. మనిషి చెయ్యి పడితే జీవావరణం చెడుతుందన్న సాధారణ సూత్రం ఇక్కడ సరిగ్గా అతకదు. ఈ జీవావరణం పుట్టిందే మనిషి చేతి మీద. కట్ట, తూము, కాలువల బాగోగులు చూసుకునే నీరటి వ్యవస్థ సడలితే ఈ జీవావరణం కూడా దెబ్బతింటుంది.

చట్టం మాత్రం ఈ విషయంలో తడబడుతోంది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు నదీ ప్రవాహాలను, వరి పొలాలను, తాగునీటి కోసమో సాగునీటి కోసమో ప్రత్యేకంగా కట్టిన జలాశయాలను నిర్వచనం నుంచి మినహాయించాయి. అక్షరాలా చదివితే తెలంగాణ చెరువుల్లో అత్యధికం ఆ రక్షణకు బయటే ఉండిపోతాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, 2.25 హెక్టార్లకు మించిన 2,01,503 చిత్తడి నేలలను 2010 నిబంధనల సూత్రాల ప్రకారం కాపాడాలని ఆదేశించింది. రెంటికీ పొత్తు ఎక్కడ కుదురుతుందన్నది ఇంకా వివాదమే. 2001 నాటి హించ్‌లాల్ తివారీ, 2011 నాటి జగ్‌పాల్ సింగ్ తీర్పులు చెరువులను ఊరి ఉమ్మడి ఆస్తులుగా చూశాయి. చిన్న కుంటల విషయంలో జీవావరణ చట్టాల కన్నా ఈ ఉమ్మడి ఆస్తి వాదమే ఎక్కువ ఆసరా ఇస్తోంది. 2.25 హెక్టార్ల లోపు కుంటలకు ప్రధానంగా నిలిచేది అదే.

హద్దు గీసి కాపాడే వాదం

కాపాడాలంటే ముందు గీత గీయాలన్నది ఒక బలమైన ఆలోచనా ధోరణి. దానికి తెలుగునాట అన్నిటికన్నా ప్రసిద్ధమైన ఉదాహరణ జీవో 111. 1908 సెప్టెంబరు మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఈ జంట జలాశయాలే నగరానికి తాగునీరు అందించాయి. పరీవాహకంలో పరిశ్రమలు, కాలనీలు విస్తరిస్తున్నాయన్న ఆందోళన పెరగడంతో 1996 మార్చి 8న జీవో 111 వెలువడింది. పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకు, పెద్ద నిర్మాణాలకు అది అడ్డుకట్ట వేసింది.

ఆ పరిధిలో ఒక నూనెల పరిశ్రమకు ప్రభుత్వం మినహాయింపు ఇవ్వగా వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని విడమరిచి చెప్పింది. హాని జరగదని రుజువు చేయాల్సిన బాధ్యత ఉన్న స్థితిని మార్చదలచిన వారిదేనని తేల్చింది. పర్యావరణ వివాదాలను తీర్చే వ్యవస్థలో శాస్త్రవేత్తలు ఉండాల్సిన అవసరాన్ని కూడా ఎత్తిచూపింది. 2000 డిసెంబరులో ఆ మినహాయింపును కోర్టు తోసిపుచ్చింది. అదే న్యాయమూర్తి అధ్యక్షతన లా కమిషన్ 2003లో పర్యావరణ న్యాయస్థానాల మీద 186వ నివేదిక ఇచ్చింది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. హిమాయత్‌సాగర్ ఎగువ నేల మీద మొదలైన తగాదా దేశ న్యాయవ్యవస్థలో ఇంత మార్పుకు దోహదం చేసిందన్న సంగతికి రావాల్సినంత గుర్తింపు రాలేదు.

ఈ ధోరణికి ఎదురైన అభ్యంతరాలు తేలిగ్గా తీసిపారేయదగినవి కావు. నగరం నీటి కోసం పల్లె రైతు తన భూమి విలువను ఎందుకు వదులుకోవాలన్నది మొదటిది. కృష్ణా, గోదావరి, మంజీరాల నుంచి నీరు వస్తున్నప్పుడు జంట జలాశయాల అవసరం తగ్గిందన్నది రెండోది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఈ రెండో వాదాన్ని ఆసరా చేసుకుని ఆంక్షలు సడలించింది. తాగునీటి అవసరం తీరితే జీవావరణ అవసరం కూడా తీరినట్టేనా అన్న ప్రశ్నకు ఆ జీవోలో జవాబు దొరకదు. పైగా జీవో 111 గీత పది కిలోమీటర్ల దగ్గరే ఆగింది. మూసీ పుట్టే అనంతగిరి ఆ గీతకు చాలా అవతల ఉంది.

గీత ఎక్కడ గీయాలన్న తగువు కొల్లేరులో మరింత తీవ్రం. 1999లో ఐదో కాంటూరు (సమాన ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరుకు అంతర్జాతీయ చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో చేపల చెరువుల గట్లు తెంచారు. 2008లో హద్దును మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఆ తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదింపును సమర్థించలేదు. ఐదో కాంటూరులో చిక్కుకున్న జిరాయితీ రైతుల గోడు నిజమే. బుడమేరు, తమ్మిలేరు వరద దించే నీటికి చోటు కావాలన్నదీ అంతే నిజం. హద్దు వాదం ఈ రెంటి మధ్య ఇప్పటికీ నలుగుతోంది.

వాన తగ్గలేదు, వరద తగ్గింది

ఎగువ మండలాలకు నేరుగా సంబంధించిన అధ్యాయం ఇది. జంట జలాశయాలకు వచ్చే వరద దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది. వానలు తగ్గాయన్న వివరణ చాలాకాలం చలామణి అయింది. హిమాయత్‌సాగర్ పరీవాహకం మీద నునె, జార్జ్, తెలుగుంట్ల, వెస్టర్న్‌లు 2014లో ప్రచురించిన అధ్యయనం వేరే చిత్రం చూపింది. వర్షపాతంలో చెప్పుకోదగ్గ తరుగుదల కనిపించలేదు. ప్రవాహం మాత్రం స్పష్టంగా పడిపోయింది. కారణాలు నేల మీద మనిషి చేసిన మార్పుల్లో ఉన్నాయి. బోర్ల ద్వారా భూగర్భజలాన్ని తోడటం, చెక్‌డ్యాములు, ఇంకుడు కట్టడాలు, సాగు తీరు మారడం అందులో ముఖ్యమైనవి.

ఇక్కడ సంరక్షణ వాదులే రెండుగా చీలిపోతారు. వాటర్‌షెడ్ వాదులకు చెక్‌డ్యామ్ మంచి పనికి మారుపేరు. పడిన చోటే వానను ఇంకించితే మెట్ట రైతు బావిలో ఊట ఉంటుంది, నేల కోత ఆగుతుంది. నదీ వాదులు ఆ చెక్‌డ్యామ్‌లన్నిటి మొత్తాన్ని చూస్తారు. ఒక్కొక్కటి చిన్నదే అయినా వందలు కలిస్తే వాగు దిగువకు పారదు. ప్రవాహం తెగితే చేప ఎదురెక్కి గుడ్లు పెట్టే దారి మూసుకుపోతుంది. భూగర్భజల మట్టం వాగు అడుగు కన్నా లోతుకు దిగితే, వాన వెలిసిన తర్వాత కూడా సన్నగా సాగే ధార ముందు పోతుంది. వాగులో జీవం నిలిచేది ఆ సన్నపాటి ధార మీదనే. చెక్‌డ్యామ్ ఇంకించిన నీటిని బోరు అదే ఏడాది తోడేస్తే వాగుకు దక్కేది ఏమీ ఉండదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం బోర్లను నియంత్రించే అధికారం ఇచ్చింది. ఆచరణలో ఉచిత కరెంటు, ఎండే పంట ఆ అధికారాన్ని వెనక్కి నెట్టాయి. ఎగువ రైతు బోరు ఆపితే లాభపడేది గండిపేట (ఉస్మాన్‌సాగర్), నష్టపోయేది రైతు అన్న పరిస్థితి ఉన్నంతకాలం చట్టం ఒక్కదానితో ఇది తేలదు.

పూడిక, చేప

2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ సుమారు 46,500 చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. పూడిక తీసి ఒండ్రును పొలాలకు చేర్చడం, కట్ట, తూము, మత్తడి బాగు చేయడం అందులోని పనులు. నీటి నిల్వ, ఆయకట్టు, నేల సారం పరంగా ఈ పథకానికి విస్తృత ఆదరణ దక్కింది. జీవావరణ దృష్టితో చూసేవారు మరో ప్రశ్న వేస్తారు. శిఖం అంచున వాలుగా ఉండే లోతు తక్కువ నీటిలోనే తుంగ మొలుస్తుంది, చేప పిల్లలు దాక్కుంటాయి, కాళ్ల పొడుగు పక్షులు మేస్తాయి. యంత్రంతో అంచు దాకా నిటారుగా తవ్వితే నీరు పెరుగుతుంది కానీ ఆ అంచు పోతుంది. నిల్వ, జీవవైవిధ్యం రెండూ దక్కేలా తవ్వడం సాధ్యమే. అలా తవ్వాలన్న నియమం అంచనాల్లోకి ఎక్కాలి.

చేపల విషయంలో వివాదం ఇంకా ముదరాల్సి ఉంది. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలను వదులుతోంది. బొచ్చె, రవ్వ, మోసు త్వరగా పెరిగి ముదిరాజ్, గంగపుత్ర మత్స్య సహకార సంఘాలకు ఆదాయం తెస్తాయి. కొర్రమట్ట రాష్ట్ర చేప. అయినా జెల్లలు, పరకలు, మార్పులు, ఇంగిలాయిలు లాంటి నాటు చేపల లెక్క చెరువు చెరువుకూ రాసి ఉంచే పద్ధతి లేదు. తిలాపియా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ లాంటి పరాయి జాతులు నాటు చేపల మేతను, గుడ్లను దోచుకుంటాయి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1950లలో వదిలిన నైల్ పెర్చ్ తర్వాతి దశాబ్దాల్లో వందల స్థానిక జాతుల తరుగుదలకు కారణమైంది. ఎండాకాలంలో ఎండే దక్కన్ చెరువులు పరాయి చేపను ఏటా కొంత వడకడతాయని, అందువల్ల ముప్పు తక్కువని వాదించవచ్చు. కాలువ నీటితో ఏడాదంతా నిండుగా ఉంచిన చెరువులో ఆ వడపోత ఉండదు.

తాండూరు: రాయి, ఇసుక, సన్నని బురద

తాండూరు నాపరాయి భీమా శిలాపొరలకు చెందిన సున్నపురాయి. గనుల నుంచి వచ్చిన బండలను నీళ్లు పోస్తూ కోసి నునుపు చేసినప్పుడు పాలలాంటి సన్నని బురద మిగులుతుంది. అందులో విషం పెద్దగా ఉండదు. అందుకే కాలుష్య జాబితాల్లో దానికి పెద్ద చోటు దక్కదు. కానీ ఆ బురద వాగులో చేరితే అడుగున పేరుకుని రాళ్ల సందులను పూడుస్తుంది. పురుగుల లార్వాలు, చేప గుడ్లు నిలిచే చోటు మూసుకుపోతుంది. నీటిలోకి వెలుగు దిగదు. రసాయన పరీక్షలో మామూలుగా కనిపించే నీరు జీవం లేకుండా ఉండగలదు. జీవసూచికల వాదానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ దొరకదు.

కాగ్నాలో ఇసుక తవ్వకం రెండో ఒత్తిడి. ఇసుక పొర నదికి నీటి సంచి. పైన ఎండినా లోపల తేమ దాస్తుంది. అది తరిగితే ఒడ్డు బావులు, నది మడుగులు రెండూ త్వరగా ఎండుతాయి. కాగ్నా రాష్ట్ర సరిహద్దు దాటే నది. ఇక్కడ తరిగిన ప్రవాహం, చేరిన బురద అవతల సేడం వైపు కనిపిస్తాయి. రెండు రాష్ట్రాల కాలుష్య మండళ్లు ఉమ్మడిగా ఈ నదిని చదివితేనే ఆ లెక్క తేలుతుంది.

శుద్ధి వాదం, దాని పరిమితి

కాలుష్యాన్ని పుట్టిన చోట ఆపలేకపోతే చివర శుద్ధి చేయాలన్నది ఇంజినీర్ల మార్గం. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన 351 కలుషిత నదీ భాగాల్లో మూసీ మొదటి ప్రాధాన్య వర్గంలో ఉంది. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రం నడుస్తున్నా పెరిగే నగరంతో పోటీపడటం కష్టమైంది. శుద్ధి కేంద్రం అన్నిటినీ పట్టుకోలేదని మందుల పరిశ్రమలున్న పటాన్‌చెరు రుజువు చేసింది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్త లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. ఆక్సిజన్ అవసరం తగ్గించడానికి కట్టిన కేంద్రానికి మందుల అవశేషాలను తొలగించే పని ఎవరూ అప్పగించలేదు. మందులకు లొంగని సూక్ష్మజీవుల మీద ప్రపంచ చర్చలో ఆ ఊరి పేరు నిలిచిపోయింది.

దీనికి భిన్నమైన ఫలితం మూసీ దిగువన దొరికింది. ఎన్‌సింక్, స్కాట్ తదితరులు నగరం దాటాక నది పొడవునా నీటిని పరీక్షించారు. పాతకాలపు సాగు కత్వల వెనుక నీరు నిలిచి, బురద అడుగుకు దిగి, ఎండ తగిలి, సుమారు 40 కిలోమీటర్లలో మురుగు సూచికలు బాగా తగ్గాయి. నిలిపిన నీరు కొంతవరకు తనను తాను బాగుచేసుకుంటుందన్న వాదానికి ఇది బలం. అయితే కరిగిన లవణాలు, పేరుకున్న లోహాలు ఆ దారిన పోవు. ఆ నీటితోనే గడ్డి, వరి, కూరగాయలు పండించే రైతులకు ఈ తేడా చాలా ముఖ్యం.

వాదాల పోలిక

హద్దు వాదం అమలుకు సులువు, ఆక్రమణను ఆపుతుంది. ప్రవాహం గురించి మౌనంగా ఉంటుంది. వాటర్‌షెడ్ వాదం ఎగువ రైతుకు న్యాయం చేస్తుంది, దిగువ నదికి ఎంత మిగలాలో చెప్పదు. పునరుద్ధరణ వాదం నీటి పరిమాణాన్ని పెంచుతుంది, జీవాన్ని కొలవదు. శుద్ధి వాదానికి నగరం చివర ప్రత్యామ్నాయం లేదు, ఎండిన వాగుకు మాత్రం దానితో పని లేదు. జీవసూచికల వాదం రోగాన్ని అందరికన్నా ముందు పసిగడుతుంది, దాని చేతిలో అధికారం లేదు. ఈ అయిదింటిలో మొదట బలపడాల్సింది చివరిదే. ఎగువ వాగుల్లో ఏటా వానాకాలం ముందు, తర్వాత ప్రవాహాన్ని, జీవాన్ని కలిపి కొలిచిన లెక్క ఉంటే మిగతా నాలుగింటి మధ్య తగువు సగం తీరుతుంది.

తేలని అంశాలు

మొదటిది, పరాయి నీరు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల కృష్ణా నీటిని పరిగి, వికారాబాద్, తాండూరు వైపు తేవాలని సంకల్పించింది. 2023 సెప్టెంబరులో నార్లాపూర్ దగ్గర తొలి పంపు తిరిగింది. మెట్టకు నీరు రావడం న్యాయమైన కోరిక. ఎండటానికి అలవాటుపడిన చెరువులు ఏడాదంతా నిండి ఉంటే అక్కడి జీవం ఎటు మళ్లుతుందో ముందుగా అంచనా వేయడానికి ఇప్పటి స్థితి నమోదు కావాలి. జంట జలాశయాలను మల్లన్నసాగర్ నుంచి వచ్చే గోదావరి నీటితో నింపే పథకానికి 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. బయటి నీటితో నిండే జలాశయానికి సొంత పరీవాహకం అవసరమేనా అన్న ప్రశ్న దానితో మళ్లీ లేచింది.

రెండోది, అడవి. పూడూరు మండలం దామగుండంలో నౌకాదళ రేడియో సమాచార ప్రసార కేంద్రానికి సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి కేటాయించి, 2024 అక్టోబరులో శంకుస్థాపన చేశారు. దేశ రక్షణ అవసరం ఒకవైపు, మూసీ ఊటలకు ఆధారమైన అడవి మరోవైపు. చెట్లు ఎన్ని పోతాయన్న దాని చుట్టూ వాదన సాగింది. ఆ నేల మీద పడే వానలో ఎంత ఇంకుతుంది, ఎంత వాగులోకి దిగుతుంది అన్నది నీటి కోణంలో అంతకన్నా పెద్ద ప్రశ్న. నిర్మాణం పూర్తికాక ముందే అక్కడి ఊటలను, వాగులను కొలిస్తే తప్ప తర్వాత పోల్చి చూడటానికి ఆధారం ఉండదు.

మూడోది, ఎవరు ఖర్చు భరించాలన్నది. దిగువ నగరం కోసం ఎగువ రైతు బోరు తగ్గించినా, సాగు మార్చినా, భూమి అమ్ముకోలేకపోయినా ఆ నష్టాన్ని నీటి బిల్లులో భాగంగా నగరం పంచుకోవాలన్న ప్రతిపాదన సూత్రంగా సరైనదే. జీవో 111 ఇంత కాలం నడిచినా 84 గ్రామాల రైతులకు అలాంటి ఏర్పాటు జరగలేదు. అనంతగిరి నుంచి గండిపేట దాకా ఒకే పరీవాహకంగా లెక్కగట్టి, ఏ ఊరి నుంచి ఎంత నీరు దిగుతోందో తేల్చే యంత్రాంగం ఏర్పడితేనే ఆ పరిహారం ఎవరికి, ఎంత అన్నది నిర్ణయించడం సాధ్యం.